అటక మీది పెళ్ళి క్యాసెట్ కంప్యూటర్‌లోకి రావాలంటే: ఏం కొనాలి, ఏ వరుసలో చేయాలి

కంప్యూటర్ కొనడానికి మన విశాఖపట్నంలో ద్వారకానగర్ దుకాణాలకి బయలుదేరే ముందు ఒక పని చేయండి. అటక మీద, బీరువా అడుగున, పాత టీవీ స్టాండు అరలో ఉన్న వీడియో క్యాసెట్లన్నీ దించి, దుప్పటి పరిచి దాని మీద వరుసగా పెట్టండి. ఏ కార్డు కావాలో, ఎంత హార్డ్ డిస్క్ కావాలో, అసలు కొత్త కంప్యూటర్ అవసరమో కాదో ఆ వరుస చూస్తేనే తెలుస్తుంది.

నేను ఈ పని ముందు చేయలేదు. మంచి గ్రాఫిక్స్ కార్డుతో సిస్టమ్ కట్టించుకోవాలని డబ్బు కూడబెడుతూ రెండేళ్ళు గడిపేశాను. ఈలోగా పెదవాల్తేరులోని మా ఇంట్లో, సముద్రపు గాలి నేరుగా తగిలే గదిలో ఉన్న మా చెల్లి అన్నప్రాసన క్యాసెట్‌కి బూజు పట్టింది. చివరికి దాంట్లోంచి తీయగలిగింది 11 నిమిషాలే. మా తాతయ్య కనిపించే భాగం అందులో లేదు. అప్పటి నుంచి ఎవరు అడిగినా ఒకటే చెబుతున్నాను. ఎడిటింగ్ వచ్చే ఏడాది చేసుకోవచ్చు, పెద్ద కంప్యూటర్ ఆ తర్వాతైనా కొనుక్కోవచ్చు. టేపులో ఉన్నదాన్ని మాత్రం ఇప్పుడే బయటకి తీయండి. డబ్బు కూడా ఆ వరుసలోనే ఖర్చు పెట్టండి.

1. టేపుల్ని వేరు చేయండి

పుస్తకమంత పెద్దగా ఉన్నవి వీహెచ్ఎస్. మన ఇళ్ళలో 80లు, 90ల నాటి పెళ్ళిళ్ళన్నీ దాదాపు వీటిలోనే ఉంటాయి. లేబుల్ మీద ఈ-180 అని ఉంటే 3 గంటల టేపు అని అర్థం. అదే ఆకారంలో అరచేతిలో ఇమిడేంత చిన్నగా ఉంటే వీహెచ్ఎస్-సీ. దాన్ని ఒక అడాప్టర్ డబ్బాలో పెట్టి మామూలు వీసీఆర్‌లోనే (క్యాసెట్లు ఆడించే మిషన్) ఆడించవచ్చు. హ్యాండీక్యామ్‌ల 8 మిల్లీమీటర్ల టేపులు వేరే జాతి: వీడియో8, హై8, డిజిటల్8. వీటికి వీసీఆర్‌లో పట్టే అడాప్టర్ అంటూ ఏదీ లేదు, ఎవరైనా అమ్మజూపితే కొనకండి. వీటిని ఆడించాలంటే ఆ రకం కెమెరానే కావాలి. ఇక అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉండేవి మినీడీవీ. ఇవి 1995లో వచ్చాయి, మన దగ్గర 2000 తర్వాత బాగా వాడారు. వీటిలో బొమ్మ అంకెల (డిజిటల్) రూపంలోనే ఉంటుంది కాబట్టి కంప్యూటర్‌లోకి తెచ్చే దారి కూడా వేరు.

వేరు చేసిన వెంటనే, ఏ మిషన్‌లోనూ పెట్టకముందే, రికార్డింగ్ తాళం వేయండి. వీహెచ్ఎస్ క్యాసెట్ వెనక అంచున ఎడమ వైపు చిన్న ప్లాస్టిక్ రేకు ఉంటుంది, దాన్ని విరిచేయండి. ఆ చోట సెల్లోటేపు అంటించి ఉంటే పీకేయండి. టీవీలో వచ్చే సినిమాలు ఎక్కించుకోవడానికి అప్పట్లో అందరం అలా అంటించేవాళ్ళం. మినీడీవీ, 8 మిల్లీమీటర్ల టేపులకి చిన్న జారుడు బటన్ ఉంటుంది. ఈ ఒక్క నిమిషం పని చేస్తే, పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా అమ్మ పెళ్ళి చెరిగిపోదు.

ఇప్పుడు టార్చి వేసి క్యాసెట్ కిటికీలోంచి చుట్ట అంచు చూడండి. నల్లగా, నున్నగా ఉంటే సరే. తెల్లని పొడి, దారాల్లాంటివి, మచ్చలు కనిపిస్తే బూజు. మన ఊరి ఉప్పుగాలిలో, వానాకాలపు తేమలో ఇది చాలా మామూలు. అలాంటి క్యాసెట్‌ని మిషన్‌లో పెట్టకండి. బూజు మిషన్ హెడ్‌లకి (టేపుని చదివే భాగాలు) అంటుకుని, తర్వాత పెట్టే మంచి టేపుకి కూడా పాకుతుంది. దాన్ని సిలికా జెల్ సంచులతో కలిపి విడిగా మూసి ఉంచి, శుభ్రం చేయడం తెలిసినవాళ్ళకి ఇవ్వండి. మిగిలినవన్నీ అయ్యాక చివర్లో దాని సంగతి చూడవచ్చు.

ఏసీ గదిలో ఉన్న టేపుని తీసుకొచ్చి వెంటనే హాల్లో ఆడించకండి. చల్లటి టేపు మీద, మిషన్ లోపల హెడ్‌లతో తిరిగే డ్రమ్ము మీద చెమ్మ చేరి టేపు అతుక్కుంటుంది. హ్యాండీక్యామ్‌లో నీటిచుక్క గుర్తు కానీ డ్యూ అనే మాట కానీ వస్తే అర్థం అదే. రెండు గంటలు ఆగండి. ఆ తర్వాత టేపుని ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి చుట్టండి. ఏళ్ళ తరబడి కదలని చుట్ట బిగువు సమం అవుతుంది.

2. ఆడించే మిషన్

అన్నిటికంటే ఎక్కువ వెతుకులాట ఇక్కడే. వీసీఆర్‌లు తయారుచేసే చివరి కంపెనీ, జపాన్‌కి చెందిన ఫునాయ్, 2016 జులైలో ఆపేసింది. కాబట్టి ఇప్పుడు దొరికేదంతా పాతదే. బంధువుల ఇళ్ళలో అడగండి. ఒకప్పుడు పెళ్ళిళ్ళకి వీడియో కవరేజ్, మిక్సింగ్ చేసిన స్టూడియోలవాళ్ళని అడగండి. గాజువాకలో, డాబాగార్డెన్స్‌లో అలాంటి పాతకాపులు ఇంకా ఉన్నారు, వాళ్ళ గోదాముల్లో మంచి మిషన్లు దుమ్ముపట్టి ఉంటాయి. వీసీపీ దొరికినా పరవాలేదు, అది ఆడించడమే తప్ప రికార్డు చేయలేదు కాబట్టి మన పనికి ఇంకా నిశ్చింత.

కొనే ముందు పనికిరాని సినిమా క్యాసెట్ ఒకటి పట్టుకెళ్ళి పది నిమిషాలు ఆడించి చూడండి. పెళ్ళి క్యాసెట్‌తో పరీక్ష చేయకండి. బొమ్మంతా మంచు కురిసినట్టు ఉంటే హెడ్ మురికిగా ఉందన్నమాట. మూత తీసి, ప్లగ్గు పీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మెత్తటి షామీ తోలుని డ్రమ్ముకి ఆనించి పట్టుకుని, డ్రమ్ముని చేత్తో నెమ్మదిగా తిప్పాలి. తోలుని పైకీ కిందికీ రుద్దకూడదు. దూది పుల్లలు వద్దు, దూది పోగులు హెడ్ చివరన చిక్కుకుని దాన్ని విరిచేస్తాయి. చేయి తిరగనివాళ్ళు ఇది మెకానిక్‌కే వదిలేయండి.

మినీడీవీ టేపుల్ని తీసిన కెమెరాలోనే ఆడించగలిగితే మేలు. ముఖ్యంగా టేపు నెమ్మదిగా తిరిగే ఎల్‌పీ మోడ్‌లో 60 నిమిషాల టేపు మీద 90 నిమిషాలు తీసినవి ఇంకో కెమెరాలో సరిగా రాకపోవచ్చు. పాత బ్యాటరీని నమ్మకండి, అసలు అడాప్టర్ వెతకండి.

3. క్యాప్చర్ దారి

క్యాప్చర్ అంటే టేపులోని బొమ్మని కంప్యూటర్‌లో ఫైలుగా పట్టుకోవడం. మినీడీవీకి, డిజిటల్8కి ఫైర్‌వైర్ కేబుల్ వాడాలి. సోనీ కెమెరాల మీద దీన్నే ఐలింక్ అని రాస్తారు. డెస్క్‌టాప్‌లో ఒక పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఫైర్‌వైర్ కార్డు వేయించండి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ ఉన్నది అడగండి, పాత కెమెరాలతో పేచీ తక్కువ. ఒక చివర యూఎస్‌బీ, ఇంకో చివర ఫైర్‌వైర్ ఉండే చవక తీగలు అమ్ముతుంటారు. అవి పనిచేయవు. రెండు భాషలు వేరు, మధ్యలో అనువాదం చేసే చిప్ ఆ తీగలో ఉండదు. కెమెరాకి ఉన్న యూఎస్‌బీ రంధ్రం కూడా చాలా మోడల్స్‌లో ఫోటోల కోసమో, తక్కువ నాణ్యత వీడియో కోసమో పెట్టినదే. ఫైర్‌వైర్ కేబుల్ పెట్టేటప్పుడు, తీసేటప్పుడు కెమెరా ఆఫ్ చేయండి. ఆన్‌లో ఉండగా గుచ్చితే పోర్టు కాలిపోయే ప్రమాదం ఉంది.

ఇంట్లో ఫైర్‌వైర్ పోర్టు ఉన్న పాత డెస్క్‌టాప్ మూలన పడి ఉంటే పారేయకండి. ఇంటర్నెట్ కలపకుండా ఈ ఒక్క పనికే వాడుకోవచ్చు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ముగిసినా, నెట్ లేని క్యాప్చర్ మిషన్‌కి దాంతో ఇబ్బంది లేదు.

వీహెచ్ఎస్, హై8 లాంటి అనలాగ్ టేపులకి యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్ కావాలి. పసుపు పిన్ను బొమ్మకి, ఎరుపు, తెలుపు పిన్నులు శబ్దానికి. కెమెరాకి ఎస్-వీడియో అవుట్‌పుట్ (బొమ్మకి విడిగా ఉండే గుండ్రటి రంధ్రం) ఉంటే పసుపు వదిలేసి అదే వాడండి, రంగులు శుభ్రంగా వస్తాయి. మరీ చవక స్టిక్‌లు ఒకే పేరుతో రకరకాల చిప్‌లతో వస్తాయి. ఒకదానికి డ్రైవర్ దొరుకుతుంది, ఇంకోదానికి దొరకదు. అందుకే మీ విండోస్ వెర్షన్‌కి డ్రైవర్ ఇస్తున్న కంపెనీదే తీసుకోండి, తిరిగి ఇచ్చే వీలు ఉందో లేదో ముందే అడగండి. పసుపు పిన్నుని హెచ్‌డీఎంఐగా మార్చే చిన్న పెట్టె ఒకటి దుకాణంలో చూపిస్తారు. టీవీలో చూసుకోవడానికి అది చాలు కానీ, దాచుకోవడానికి వద్దు. బొమ్మని సాగదీసి, ఫ్రేములు మార్చి ఇస్తుంది, ఆ నష్టాన్ని తర్వాత సరిచేయలేం.

బొమ్మ పైభాగం జెండాలా వంగిపోతున్నా, క్యాప్చర్ మధ్యలో ఫ్రేములు జారిపోతున్నా పాత టేపు సిగ్నల్ తడబడుతోందని అర్థం. టైమ్ బేస్ కరెక్టర్ అనే పరికరం దీన్ని సరిచేస్తుంది కానీ ఖరీదు ఎక్కువ. పాత డీవీడీ రికార్డర్ దొరికితే దాన్ని వీసీఆర్‌కీ స్టిక్‌కీ మధ్యలో కలిపి చూడండి. కొన్ని మోడల్స్ ఆ వంపుని బాగా నిలబెడతాయి.

4. డిస్క్ లెక్క

ఈ లెక్క కాగితం మీద వేసుకునే దుకాణానికి వెళ్ళండి. మినీడీవీ గంటకి సుమారు 13 జీబీ. వీహెచ్ఎస్‌ని నాణ్యత కోల్పోకుండా కుదించే హఫ్‌వైయూవీ లాంటి కోడెక్‌లో (వీడియోని కుదించే పద్ధతి) పట్టుకుంటే గంటకి సుమారు 30 జీబీ. ఇంకా ఎక్కువ కుదించే హెచ్.264 కోడెక్‌లో సెకనుకి 8 మెగాబిట్ల చొప్పున చేస్తే గంటకి 3.6 జీబీ.

మీ దగ్గర 2 గంటల వీహెచ్ఎస్‌లు పది, మినీడీవీలు పదిహేను ఉన్నాయనుకోండి. 600 జీబీ, ఇంకో 195 జీబీ, మొత్తం 800 జీబీ దాకా. అంటే 2 టీబీ హార్డ్ డిస్క్‌లో హాయిగా పడుతుంది, ఫోన్ వీడియోలకి చోటు కూడా మిగులుతుంది. అలాంటివి రెండు కొనాలి, ఒకటి చాలదు. బయటి డిస్క్‌ని ఎక్స్‌ఫ్యాట్‌లో కానీ ఎన్‌టీఎఫ్ఎస్‌లో కానీ ఫార్మాట్ చేయండి. ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీ దాటగానే ఆగిపోతుంది.

5. ఇక కంప్యూటర్

టేపుల నుంచి వచ్చే బొమ్మ 720 అడ్డం, 576 నిలువు మాత్రమే. దీన్ని పట్టుకోవడానికి, కత్తిరించి అతికించడానికి 8 జీబీ ర్యామ్ ఉన్న పదేళ్ళనాటి కంప్యూటర్ కూడా చాలు. ఈ మాట దుకాణంలో ఎవరూ చెప్పరు కాబట్టి ఇక్కడ గట్టిగా చెబుతున్నాను.

బరువంతా ఫోన్‌లో తీసిన 4కే వీడియోలతో వస్తుంది. ఆర్కే బీచ్‌లో పిల్లల్ని తీసిన పది నిమిషాల క్లిప్‌ని విప్పడానికి ప్రాసెసర్ పడే కష్టం, మూడు గంటల వీహెచ్ఎస్‌కి కూడా పడదు. అవి కూడా ఎడిట్ చేయాలంటే 16 జీబీ ర్యామ్ కనీసం పెట్టండి, 32 ఉంటే మేలు. ఇంటెల్ ప్రాసెసర్ తీసుకుంటే పేరు చివర ఎఫ్ అక్షరం లేనిది అడగండి. ఉదాహరణకి ఐ5-12400 తీసుకోండి, 12400ఎఫ్ వద్దు. ఎఫ్ రకంలో లోపలి గ్రాఫిక్స్ ఉండదు. దాంతోపాటు వీడియోని వేగంగా విప్పే క్విక్ సింక్ కూడా పోతుంది. కొద్దిపాటి డబ్బు మిగులుతుందని దుకాణంవాళ్ళు ఎఫ్ వేసేస్తారు, బిల్లు మీద చూసుకోండి.

గ్రాఫిక్స్ కార్డు మొదట్లోనే కొనాలని లేదు. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లో రంగులు సరిచేయడం, 4కే మీద ఎఫెక్ట్‌లు వేయడం మొదలుపెట్టాక 8 జీబీ వీడియో మెమరీ ఉన్న కార్డు వేయించుకోవచ్చు. అందుకని క్యాబినెట్‌లో చోటు, పవర్ సప్లైలో కాస్త ఎక్కువ వాట్లు ముందే ఉంచండి. విండోస్‌కి, నడుస్తున్న ప్రాజెక్టుకి వేగంగా పనిచేసే ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, దాచడానికి మామూలు హార్డ్ డిస్క్. ల్యాప్‌టాప్ అయినా పరవాలేదు కానీ, మే నెలలో ఏసీ లేని గదిలో గంటసేపు ఎక్స్‌పోర్ట్ (ఎడిట్ చేసినదాన్ని ఒక్క ఫైలుగా తీయడం) పెడితే వేడికి వేగం తగ్గిపోతుంది, పైగా ఫైర్‌వైర్ కార్డు వేసే వీలుండదు.

యూపీఎస్‌ని మాత్రం తప్పించకండి. టేపు తిరుగుతుండగా కరెంటు పోతే ఆ ఫైలు పాడవడం ఒక నష్టం, వీసీఆర్ లోపల టేపు చిక్కుకోవడం ఇంకో నష్టం. వీసీఆర్‌ని కూడా యూపీఎస్‌కే కలపండి.

6. పట్టుకునే రోజు

మినీడీవీకి విన్‌డీవీ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ చాలు. టేపులో ఉన్న తేదీ, సమయం ఆధారంగా ఒక్కో షాట్‌ని విడి ఫైలుగా చేసి ఇస్తుంది, జారిన ఫ్రేములు ఎన్నో కూడా చూపిస్తుంది. ఆ సంఖ్య సున్నా ఉండాలి. పెరుగుతుంటే ఆపి, హెడ్ శుభ్రం చేసి మళ్ళీ మొదలుపెట్టండి.

వీహెచ్ఎస్‌కి వర్చువల్‌డబ్ నా మొదటి ఎంపిక. కష్టంగా ఉందనుకుంటే ఓబీఎస్ స్టూడియో వాడండి. రెండూ ఉచితమే. ఏది వాడినా వీడియో స్టాండర్డ్ పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) అని పెట్టండి, సైజు 720 x 576, సెకనుకి 25 ఫ్రేములు. అమెరికా పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీ అని ఉండిపోతే బొమ్మ నలుపు తెలుపులో వస్తుంది, లేదా పైకి కిందికి పరుగెడుతుంది. స్టిక్ పాడైందని వెనక్కి ఇచ్చేసేవాళ్ళలో చాలామందికి అసలు సమస్య ఇదే. దువ్వెన పళ్ళలా అడ్డగీతలు కనిపిస్తే కంగారుపడకండి. పాత వీడియో ఇంటర్‌లేస్డ్, అంటే ఒక్కో ఫ్రేము గీత విడిచి గీతగా రెండు సగాల్లో ఉంటుంది, కాబట్టి అలాగే కనిపిస్తుంది. దాచే కాపీని అలాగే ఉంచి, చూసుకునే కాపీలో మాత్రం గీతలు తీసేయాలి.

మొదట పది నిమిషాలు పట్టి చూడండి. చివర్లో మంత్రాలకీ పురోహితుడి పెదవులకీ పొంతన ఉందా? ఉంటేనే మొత్తం టేపు పెట్టండి. క్యాప్చర్ జరుగుతుండగా ఆ కంప్యూటర్‌లో ఇంకేమీ తెరవకండి, స్లీప్ మోడ్ ఆపేయండి. రెండు గంటల టేపుకి రెండు గంటలూ పడుతుంది, దగ్గరి దారి లేదు. వారానికి రెండు టేపులు చొప్పున పెట్టుకుంటే టెన్షన్ లేకుండా అయిపోతాయి.

ఇదంతా ఎందుకు, దుకాణంలో ఇచ్చేద్దాం అనుకుంటే తప్పేమీ లేదు. కానీ ఏ ఫైలు ఇస్తారో ముందే తేల్చుకోండి. మా పిన్ని పెళ్ళి క్యాసెట్ ఒకచోట ఇస్తే, మూడు గంటల్ని ఒక్క డీవీడీలో కుక్కి, బొమ్మని వెడల్పు టీవీకి సరిపోయేలా సాగదీసి ఇచ్చారు. పెళ్ళికూతురి ముఖం గుర్తుపట్టలేం. ఐదేళ్ళకి ఆ డిస్క్ కూడా చదవడం మానేసింది. అదృష్టం కొద్దీ అసలు క్యాసెట్ మా దగ్గరే ఉంది.

7. ఎడిటింగ్

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు షాట్‌కట్ కానీ కెడెన్‌లైవ్ కానీ తీసుకోండి. రెండూ ఉచితం, మామూలు కంప్యూటర్‌లో నడుస్తాయి. మ్యాక్ ఉంటే ఐమూవీ ఉండనే ఉంది. నేర్చుకునే ఓపిక ఉంటే డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌కి సాటి లేదు. అందులో ఒక జాగ్రత్త ఉంది. క్లిప్పులు వేయకముందే ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ఫ్రేమ్ రేట్ 25 అని పెట్టాలి, వేశాక మార్చనివ్వదు. ఫోన్ వీడియోల్లో ఫ్రేమ్ రేట్ నిలకడగా ఉండదు, శబ్దం వెనకబడుతుంది. ముందు హ్యాండ్‌బ్రేక్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేట్‌కి మార్చి తర్వాత టైమ్‌లైన్‌లోకి తీసుకురండి. 4కే క్లిప్ ఆగి ఆగి నడుస్తుంటే కంప్యూటర్ మార్చే ముందు ప్రాక్సీలు చేసి చూడండి. చిన్న కాపీల మీద పనిచేసి, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు అసలు ఫైళ్ళు వాడుకుంటుంది.

పాత బొమ్మ నాలుగుకి మూడు కొలతలో ఉంటుంది. దాన్ని సాగదీయకండి. అటూ ఇటూ నల్ల పట్టీలు వస్తే రానివ్వండి.

బీచ్‌లో తీసిన వాటిలో గాలి హోరు మాటల్ని మింగేస్తుంది. ఈక్వలైజర్‌లో 100 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేయండి, మాట చాలావరకు తేలుతుంది.

తెలుగు టైటిల్ వేసేటప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు విడిపోతాయి. పెళ్ళి స్టూడియోలు అను ఫాంట్లు వాడతాయి కానీ ఇంట్లో మనకి యూనికోడ్ చాలు. రామభద్ర, మల్లన్న, మండలి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. ఒత్తులు చెదిరితే ఇంక్‌స్కేప్‌లో పేరు రాసి, వెనక రంగు లేని పీఎన్‌జీ బొమ్మగా సేవ్ చేసి వీడియో మీద పెట్టండి.

పంపేటప్పుడు వాట్సాప్‌లో వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. 2 జీబీ దాకా నాణ్యత తగ్గకుండా వెళుతుంది.

8. దాచడం

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరి మీదికి వచ్చినప్పుడు కిటికీలు ఊడిపోయి, ఇళ్ళలోకి వాన కొట్టి, ఆల్బమ్‌లు, క్యాసెట్లు తడిసిపోయిన ఇళ్ళు నాకు తెలుసు. అందుకే రెండు డిస్కులూ ఒకే బీరువాలో పెట్టకండి. ఒకటి మీ దగ్గర, రెండోది వేరే ఊళ్ళో ఉన్న అన్నయ్య ఇంట్లోనో అక్క ఇంట్లోనో ఉండాలి. వీలైతే కుదించిన కాపీలు క్లౌడ్‌లో పెట్టండి. ఏడాదికి ఒకసారి, సంక్రాంతికి కలిసినప్పుడు, రెండు డిస్కులూ కలిపి ఫైళ్ళు తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. ఫైలు పేర్లు ఏడాదితో మొదలుపెట్టండి, 1994_పిన్ని_పెళ్ళి_1 అన్నట్టు. క్యాసెట్లని వెంటనే పారేయకండి. ఫైలు మొదటి నుంచి చివరిదాకా చూసి, రెండు చోట్లా కాపీ ఉందని తేలేదాకా అవే మీ అసలు.

ఇంకొక పని మిగిలింది, దీనికి పరికరాలేమీ కొనక్కర్లేదు. ఇంట్లో పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని వీడియో వేయండి, ఫోన్‌లో వాళ్ళ మాటలు రికార్డు చేయండి. మా అమ్మమ్మ అలా చూస్తూ, "ఆ పచ్చ చీర మా మేనత్త రా బాబూ, భీమిలి నుంచి ఎడ్లబండి మీద వచ్చేది" అంది. ఆ మనిషి ఎవరో మా ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. ఆ రికార్డింగ్‌ని ఎంకేవీ ఫైల్‌లో రెండో ఆడియో ట్రాక్‌గా కలిపాను. వీడియో చూసేటప్పుడు ఆడియో మారిస్తే మంత్రాల బదులు అమ్మమ్మ గొంతు వినిపిస్తుంది.